రెండో బిడ్డ ఎవరి కోసం?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మావారిది ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగం, గాజువాకలో ఉంటున్నాం. మా బాబుకు ఐదేళ్లు. మూడో ఏట ఆటిజం అని నిర్ధారించారు. ఇప్పటికీ పట్టుమని పది మాటలు రావు. అర్ధరాత్రి లేస్తే తెల్లవారేదాకా పడుకోడు, తలుపు తీసి ఉంటే రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. వారానికి నాలుగు రోజులు వాణ్ణి ఎం.వి.పి. కాలనీలో థెరపీకి తీసుకెళ్తాను. అనకాపల్లిలో ఉండే మా అత్తయ్యగారు ‘మీ తర్వాత వాణ్ణి చూసుకోవడానికి తోడబుట్టినవాళ్లు ఉండాలి’ అంటున్నారు. రెండో బిడ్డకూ ఇలాగే అయితే ఎలా అని మావారి భయం. నాకు ఇంకో బిడ్డ కావాలని ఉంది కానీ, అది బాబుకు అన్యాయమేమో అనిపిస్తుంది. ఏం చేయమంటారు?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీవారి భయానికి కొంతవరకు లెక్క దొరుకుతుంది గనుక దానితోనే మొదలుపెడతాను. ఒక బిడ్డకు ఆటిజం ఉన్న కుటుంబాల్లో ఆ తర్వాత పుట్టిన పిల్లలను పసితనం నుంచి గమనించిన పరిశోధనల్లో, 2011లో వెలువడినదాని ప్రకారం 18.7 శాతం మందికి, 2024లో వెలువడినదాని ప్రకారం 20.2 శాతం మందికి ఆటిజం కనిపించింది. ఇవి ప్రధానంగా అమెరికా, కెనడా వంటి దేశాల కుటుంబాల లెక్కలు. స్థూలంగా ఐదుగురిలో ఒకరన్నమాట. మిగిలిన నలుగురిలోనూ కొందరికి మాటలు ఆలస్యం కావడం వంటి ఇబ్బందులు ఉండవచ్చు. మగపిల్లలకు ఈ అవకాశం ఎక్కువ, ఆడపిల్లలకు తక్కువ. అయితే కడుపులో ఉన్నది ఎవరో తెలుసుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కాబట్టి ఆ తేడా మీ నిర్ణయానికి పనికిరాదు. గర్భంలో ఉండగా ఆటిజాన్ని చెప్పగల స్కానింగు గానీ రక్తపరీక్ష గానీ లేదు. ‘అన్ని స్కానింగులూ బాగున్నాయి, ఇక భయం లేదు’ అని రేపు ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇది సగటు లెక్క, మీ ఇంటి లెక్క వేరు కావచ్చు. బాబుకు క్రోమోజోమల్ మైక్రోఅరే (క్రోమోజోముల్లో చిన్న చిన్న తేడాలను వెతికే రక్తపరీక్ష), ఫ్రాజైల్ ఎక్స్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక జన్యులోపం) పరీక్షలు జరిగాయో లేదో మీరు రాయలేదు. జరగకపోతే పిల్లల డాక్టరును అడిగి జన్యు నిపుణుల దగ్గరకు పంపమనండి. ఉదాహరణకు బాబుకున్నది ఫ్రాజైల్ ఎక్స్ అని తేలితే, తల్లి నుంచి ఆ జన్యువు ప్రతి కాన్పులోనూ బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం ఉంటుంది, దానికి గర్భంలోనే పరీక్ష కూడా ఉంది. చాలామంది పిల్లల్లో ఏ కారణమూ బయటపడదు. అప్పుడు పై సగటే మిగులుతుంది. మీది మేనరికం అయితే ఆ మాట తప్పకుండా చెప్పండి. ఫలితాలకు వారాలు పడతాయి కాబట్టి ఈ పని గర్భం రాకముందే పూర్తి కావాలి.

మీ అత్తయ్యగారి ఆందోళన నిజమైనదే కానీ, ఆవిడ చూపించే కారణం అన్నిటికన్నా బలహీనమైనదని నా అభిప్రాయం. ఇంకా పుట్టని బిడ్డకు ముందే ఒక బాధ్యత రాసిపెట్టడం ఒక ఎత్తు. ఆ బిడ్డకూ ఆటిజం ఉంటే ఆ ఏర్పాటే తలకిందులు కావడం మరో ఎత్తు. బాబు భవిష్యత్తుకు వేరే దారులున్నాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం ఉన్నవారికీ వర్తిస్తుంది. 18 ఏళ్లు నిండాక కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా మీరు కోరుకున్న వ్యక్తిని చట్టబద్ధ సంరక్షకులుగా నియమించుకోవచ్చు. అదే ట్రస్టు నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. వైకల్య ధ్రువీకరణ, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే యు.డి.ఐ.డి. గుర్తింపు కార్డు ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి.

ఇక మీ కోరిక. ఇంకో బిడ్డ కావాలనుకోవడం బాబుకు చేసే అన్యాయం కాదు. పైన చెప్పిన కారణాలన్నిటిలో రెండో బిడ్డను కనడానికి సరిపోయేది అదొక్కటే. కాకపోతే ఆ ఐదో వంతు అవకాశం మీ ఇంటనే నిజమైనా ఈ బిడ్డ మాకు కావాలి అని మీరిద్దరూ అనగలగాలి. అనగలిగినా, అసలు కష్టం బిడ్డ పుట్టాక కాదు, గర్భం వచ్చిన నెలల్లోనే మొదలవుతుంది. వేవిళ్లతో మీరు మంచం దిగలేని రోజున, మీవారు నైట్ షిఫ్టులో ఉండగా, అర్ధరాత్రి లేచిన బాబు వెనకాల పరుగెత్తేది ఎవరు? ఎం.వి.పి. కాలనీకి తీసుకెళ్లేది ఎవరు? పురిటికి పుట్టింటికి వెళ్తే వాడి థెరపీ ఆగిపోతుంది, పైగా చోటు మారితే వాడికున్న ఆ కొద్ది నిద్ర కూడా చెదరవచ్చు. అందుకని ముందు తలుపుకు వాడికి అందనంత ఎత్తున గడియ బిగించి, నిద్ర సమస్యకు పిల్లల ఎదుగుదల నిపుణులతో వైద్యం చేయించండి. ఆటిజంలో నిద్ర లేకపోవడం సాధారణమే గానీ, భరించి ఊరుకోవలసిన విషయం కాదు. తర్వాత రెండు నెలల పాటు థెరపీ ప్రయాణాల్లో సగం, రాత్రుల్లో సగం మరొకరికి అప్పగించి చూడండి. మీ వయసులో ఆరు నెలలు, ఏడాది ఆగితే పెద్ద నష్టం లేదు. నాలుగైదేళ్లు వాయిదా వేస్తే మాత్రం వయసే మీ తరఫున నిర్ణయం తీసుకుంటుంది. కావాలనుకుంటే కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి.

వద్దనుకుంటే ఆ మాట మీ అత్తయ్యగారికి మీరు కాదు, మీవారు చెప్పాలి. కోడలు చెబితే అది కోడలి మొండితనంగానే ఆ ఇంట్లో నిలిచిపోతుంది. ఇంకా తేల్చుకోలేకపోతే ఆవిడను నెల రోజులు గాజువాకలో ఉండమని పిలవండి. బాబుతో ఆ రాత్రులు గడిపాక, రెండో కాన్పు వస్తే తానే ఏయే పనులు అందుకోగలరో ఆవిడనే చెప్పమనండి.