కాటి సీను మళ్ళీ రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన సమీక్ష చదివాను. కళాభారతి హాల్లో హరిశ్చంద్ర పద్యనాటకం చూసొచ్చి రాత్రికి రాత్రే రాసేశావని తెలుస్తూనే ఉంది, ఆ వేడి నాకు నచ్చింది. కానీ "దర్శకుడు పాత నాటకానికి కొత్త హంగులు అద్దారు" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. ఏం మార్చాడు, దానివల్ల ఏ పద్యం నిలబడింది, ఏది తేలిపోయింది, అది రాయి.

హరిశ్చంద్రుడు శ్మశానంలో కాపలా ఉండే కాటి సీను గురించి రెండే ముక్కలు రాశావు. అసలు రాయాల్సింది అక్కడే కదా! నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, కానీ ఆ సీన్లో జనం కాచుకుని కూర్చునేది కవి జాషువా రాసిన శ్మశానవాటి పద్యాల కోసం. అవి నాటకంలోవి కావు, నటులు తెచ్చి కలిపారు, జనం పోనివ్వలేదు. ఇప్పుడెవరైనా దర్శకుడు మూలానికి కట్టుబడతానని వాటిని తీసేస్తే పుస్తకం ప్రకారం తప్పుపట్టలేం గానీ, ఇన్నేళ్ళుగా స్టేజీ మీద పెరిగిన నాటకాన్ని నరికినట్టే అవుతుందని నా అభిప్రాయం. ఇంకొకరు పద్యాలు ఉంచుతారు, వెనకాల ఎల్‌ఈడీ తెర మీద చితిమంటలు వేస్తారు. పద్యం చెప్తున్నదే బొమ్మగా కనిపిస్తుంటే ఇక వినేదెవరు?

నువ్వు చూసిన ప్రదర్శనలో హార్మోనియం బదులు ముందే రికార్డు చేసిన ట్రాక్ పెట్టారన్నావు, అన్నావే గానీ ఏమైందో చెప్పలేదు. నటుడు ఆ పూట గొంతు ఎలా ఉందో, జనం ఎలా ఉన్నారో చూసుకుని రాగం సాగదీస్తాడు, హార్మోనిస్టు ఆయన వెంట వెళ్తాడు. ట్రాక్ అయితే నటుడే దాని వెనక పరిగెత్తాలి, ఎక్కడ తప్పిపోతానో అన్న టెన్షన్ మొహంలో కనిపిస్తుంది. నాటక సమాజాల దగ్గర డబ్బులు లేవని నాకూ తెలుసు, అయినా పోయింది పోయిందని రాయాల్సిందే.

అలాగని పాతదంతా ఉండాలని కాదు. కృష్ణరాయబారంలో సీనుకో కృష్ణుడు దిగే అలవాటుంది, ఎవరు బాగా పాడతారా అన్న పోటీ జనానికి సరదా. మొత్తం ఒక్క నటుడితోనే ఆడిస్తే ఆ సరదా పోతుంది, కానీ పడక సీన్లో నవ్వుతూ లెక్కలు వేసినవాడే కౌరవ సభలో నిలబడ్డాడని తెలుస్తుంది, కథ కథలా నడుస్తుంది. నేనైతే దానికి ఓటేస్తాను.

న్యూయార్క్ బ్రాడ్వే థియేటర్లలో 1975 నాటి షికాగో అనే సంగీత నాటకాన్ని 1996లో మళ్ళీ వేసినప్పుడు సెట్లు దాదాపు తీసేసి, ఆర్కెస్ట్రాని స్టేజీ మీదే కూర్చోబెట్టి, నటులకి నల్లబట్టలు వేశారు. అది ఏళ్ళ తరబడి ఆడింది. ఆ కథలో నేరం, కోర్టు అన్నీ ఒక షోలా నడుస్తాయి కాబట్టి అది అతికింది. మనవాళ్ళెవరైనా అలా బోసి స్టేజీ పెడితే ముందు ఈ కథకి అది అవసరమా అని అడుగు.

శ్మశానవాటి ఒకసారి చదువుకుని మళ్ళీ వెళ్ళు, ఈసారి వాద్యాల వైపు కూర్చో. ట్రాక్ ఎందుకు పెట్టారో ఆ దర్శకుణ్ణే అడిగి ఆయన చెప్పింది కూడా రాయి. కాటి సీను ఒక్కటే రెండు పేజీలు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.