వాడని కారు బ్యాటరీకి వారంటీ వర్తించదా?

ప్రశ్న: మేము కొత్త కారు కొని 14 నెలలైంది. ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి నెలకు ఒకటి రెండుసార్లకు మించి దాన్ని బయటికి తీయను. ఈమధ్య కారు స్టార్ట్ కాలేదు. సర్వీస్ సెంటర్‌వారు వచ్చి చూసి, ‘బండిని వాడకపోవడం వల్ల బ్యాటరీ పాడైంది, వారంటీ రాదు, కొత్తది కొనుక్కోండి, పాతది మాకు ఇచ్చేయండి’ అన్నారు. కార్డులో 24 నెలల వారంటీ అని స్పష్టంగా ఉంది. వాడకపోతే పాడవుతుందని అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. కానీ అన్నిటికంటే ముందు, ఆ పాత బ్యాటరీని వాళ్ల చేతికి ఇవ్వకండి. మీ ఫిర్యాదు నిలవాలన్నా వీగిపోవాలన్నా దాని మీదే ఆధారపడి ఉంది. బండి తప్పనిసరిగా కావాలంటే కొత్తది కొనుక్కోండి. అయితే ‘వారంటీ హక్కు వదులుకోకుండా, అభ్యంతరంతో కొంటున్నాను’ అని ఆ రోజే ఈ-మెయిల్ పంపండి. పాత బ్యాటరీ సీరియల్ నంబరు, తయారీ తేదీ గుర్తు కనిపించేలా ఫొటోలు తీసుకోండి.

కారును తక్కువగా నడపడం తప్పు కాదు. నెలకు ఇంత దూరం తిప్పి తీరాలన్న షరతు కార్డులో లేనప్పుడు, ‘వాడలేదు’ అన్న ఒక్క మాటతో హామీని రద్దు చేయడం కుదరదు. అయితే కార్డు వెనుక చిన్న అక్షరాలు చదవండి. నిర్లక్ష్యం వల్ల, చార్జింగ్ లేకుండా వదిలేయడం వల్ల జరిగిన నష్టానికి బాధ్యత లేదని చాలా కంపెనీలు రాసుకుంటాయి. అలాంటి షరతు ఉంటే మీ బ్యాటరీ దాని కిందికి వస్తుందా రాదా అన్నదే అసలు వివాదం. షరతులోని మాటలకు రెండు అర్థాలు వచ్చేటట్లయితే, దాన్ని రాసిన పక్షానికి వ్యతిరేకంగా అర్థం చెప్పుకోవడం కోర్టులు పాటించే పాత సూత్రం.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం తెలుసుకోవాలి. చార్జ్ అయిపోయిన బ్యాటరీ వేరు, లోపమున్న బ్యాటరీ వేరు. కారు ఆగి ఉన్నా అలారం, గడియారం, కంప్యూటర్ యూనిట్లు కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 30 మిల్లీయాంపియర్లే అనుకున్నా నెలకు 20 యాంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉందో చెప్పే కొలత) దాటుతుంది. 45 యాంపియర్ అవర్ల బ్యాటరీలో దాదాపు సగం అలా పోయినట్లే. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే సీసం పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత చార్జ్ చేసినా పూర్తిగా కోలుకోదు. ఇది జరిగి ఉంటే కంపెనీ వాదనకు బలం ఉంటుంది. మీకు నచ్చని మాటే అయినా ముందే చెప్పడం మంచిది.

కానీ చార్జ్ చేయకుండానే ‘పాడైంది’ అని తేల్చడం పరీక్ష కాదు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. నెమ్మదిగా పూర్తిగా చార్జ్ చేసి, కొన్ని గంటలు పక్కన పెట్టాక వోల్టేజి 12.6 దగ్గర నిలిచి, లోడ్ పరీక్షలోనూ (ఎక్కువ కరెంటు లాగి వోల్టేజి నిలుస్తుందో లేదో చూసే పరీక్ష) నెగ్గితే అది బాగానే ఉన్నట్లు. మీరు కొత్తది కొననక్కర్లేదు, నాలాంటి వకీలూ అక్కర్లేదు. అలాకాక 10.5 వోల్టుల దగ్గర ఆగిపోతే ఒక సెల్ పోయి ఉండవచ్చు. మూతలు తెరిచే రకమైతే, లోపలి ఆమ్లం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్‌నూ చూడవచ్చు. అన్నీ ఒకేలా తగ్గి ఉంటే చార్జ్ అందలేదని అర్థం. ఐదు బాగుండి ఒకటే పడిపోతే అనుమానం లోపలి లోపం మీదికి వెళ్తుంది. అది తుది రుజువు కాదు, కానీ బలమైన సూచన.

ఇంకో కోణాన్ని చాలామంది పట్టించుకోరు. కారు ఆపి, తాళం వేసి, దాని కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లాక కూడా లీకేజి కరెంటు (ఆగి ఉన్న కారు లాగే కరెంటు) మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంటే దోషం బ్యాటరీది కాదు, కారు వైరింగ్‌ది లేదా ఏదో ఒక యూనిట్‌ది. అప్పుడు బ్యాటరీ వారంటీతో పని లేకుండా కారు వారంటీ కిందనే మీరు అడగవచ్చు. ఆ కొలత తీసి రాసివ్వమని, సర్వీస్ సెంటర్‌లో పని వివరాలు రాసే జాబ్ కార్డులోనే కోరండి. మీరు బయట కెమెరా, ట్రాకర్ లాంటివి బిగించి ఉంటే ఆ సంగతి దాచవద్దు. ఎదుటి పక్షం మొదట వెతికేది వాటినే.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వస్తువులో లోపం ఉందని నిరూపించాల్సిన భారం ఫిర్యాదుదారు మీదే ఉంటుంది. అందుకే ఇంతగా పరీక్షల గురించి చెప్పాను. పరీక్ష లేకుండా తేలని లోపమైతే, సెక్షన్ 38 ప్రకారం కమిషనే నమూనాకు సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. దానికయ్యే రుసుమును మొదట మీరే జమచేయాలి. పరీక్ష జరపకుండా, కారణం రాతపూర్వకంగా చూపకుండా హామీని తిరస్కరించడాన్ని సేవాలోపంగానూ వాదించవచ్చు.

‘ఎవరూ చెప్పలేదు’ అన్న మీ వాదన ఒంటరిగా నిలబడుతుందని నేను అనుకోను. కారుతో ఇచ్చిన పుస్తకంలో, బండి చాలాకాలం ఆగితే ఏం చేయాలో రాసి ఉందేమో చూడండి. ఉంటే ఆ వాదన వదిలేయండి. ఇదే చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం గురించినది) కూడా మీకు పనికిరాదు. ఆ వస్తువుకే జరిగిన నష్టాన్ని అక్కడి ‘హాని’ నిర్వచనంలోంచి తప్పించారు. లోపం, సేవాలోపం అనే రెండింటి మీదే నిలబడండి.

ముందు డీలరుకూ కారు కంపెనీకీ బ్యాటరీ కంపెనీకీ నోటీసు పంపండి. బ్యాటరీ హామీ దాని తయారీదారుదేనని కారు కంపెనీలు తప్పుకుంటుంటాయి కాబట్టి ముగ్గురినీ చేర్చడం మేలు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే కొన్ని వివాదాలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే కమిషన్ రుసుము లేదు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు గడువు. బ్యాటరీ మార్పు లేదా డబ్బు వాపసు, సహేతుకమైన పరిహారం, ఖర్చులు అడగండి. లక్షల్లో పరిహారం కోరితే ఫిర్యాదుకు బలం పెరగదు, నమ్మకం తగ్గుతుంది.

కొత్త బ్యాటరీ విషయంలో ఇదే పరిస్థితి మళ్లీ రాకుండా చూసుకోండి. నిండిన తర్వాత తానే కరెంటు తగ్గించుకునే స్మార్ట్ చార్జరు తగిలించి ఉంచడం అన్నిటికంటే సురక్షితం. చోటు గాలి ఆడేలా ఉండాలి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. కారును నెలల తరబడి ఆపేస్తే, పుస్తకంలో వద్దని లేకపోతే, నెగెటివ్ తీగను విప్పవచ్చు. వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేయడం వల్ల లాభం తక్కువ. స్టార్ట్ చేయడానికి ఖర్చయినది కూడా ఒక్కోసారి తిరిగి చేరదు. పైగా వీధిలో ఇంజిన్ నడుస్తుండగా డ్రైవరు సీటు ఖాళీగా వదిలి లోపలికి వెళ్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 126ను ఉల్లంఘించినట్లే. అరగంటకు తగ్గకుండా రోడ్డు మీద నడిపితేనే కొంత ప్రయోజనం. చార్జ్ చేసిన తేదీలు, వోల్టేజి కొలతల ఫొటోలు దాచుకుంటే రేపు నిర్లక్ష్యమన్న ఆరోపణకు అవే మీ సమాధానం.

పాత బ్యాటరీని వివాదం ముగిసేదాకా పొడిగా, నిటారుగా ఉంచండి. పరీక్షలను మాత్రం ఆలస్యం చేయకండి. ఖాళీగా పడి ఉన్న ప్రతి వారం అది ఇంకా చెడిపోతుంది, దాంతో మీ సాక్ష్యం కూడా.