ట్యాంకు నిండా పెట్రోలున్నా బండి ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: నాది 2013లో కొన్న 100 సీసీ కార్బ్యురేటర్ బైకు. రోజూ పాల్వంచ నుంచి కొత్తగూడెం ఉద్యోగానికి వెళ్లి వస్తాను. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది కానీ, నాలుగైదు కిలోమీటర్లు పోయాక పికప్ తగ్గి, కుదుపులతో ఈడ్చుకుంటూ ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి కిక్కు కొడితే ఏమీ జరగనట్టు మళ్లీ కదులుతుంది. ట్యాంకు నింపించిన రోజుల్లోనే ఈ బాధ ఎక్కువ. మెకానిక్ ప్లగ్గు మార్చారు, కార్బ్యురేటర్ రెండుసార్లు శుభ్రం చేశారు. ఇప్పుడు కాయిల్, సీడీఐ మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, పాల్వంచ

జవాబు: ఇప్పుడే వద్దు. కాయిల్, సీడీఐ రెండూ ప్లగ్గులో నిప్పురవ్వకు కావలసిన కరెంటు అందించే భాగాలు. వేడెక్కిన కాయిల్ పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ పుంజుకోవడం ఉన్నదే కాబట్టి మీ మెకానిక్ అనుమానం నిరాధారమైనదేమీ కాదు. అయితే కరెంటు వైపు లోపముంటే బండి సాధారణంగా స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగుతుంది, లేదా పట్‌పట్‌మంటూ మిస్సింగ్ కొడుతుంది. మీరు రాసినట్టు క్రమంగా పికప్ తగ్గి, ఈడ్చుకుంటూ ఆగడం పెట్రోలు చాలనప్పుడు కనిపించే లక్షణం. అన్నిటికీ మించి, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కాయిల్‌కు తెలియదు. ట్యాంకు నిండినప్పుడే జబ్బు ముదురుతోందంటే ముందుగా చూడవలసింది ట్యాంకు మూతనే.

ఆ మూతలో గాలి లోపలికి పోవడానికి సన్నని దారి ఉంటుంది. దుమ్ము, తుప్పు, వాటర్ సర్వీసింగులో చేరిన మట్టి, ఒక్కోసారి రెక్సిన్ ట్యాంకు కవరు పీచు దానిని మూసేస్తాయి. మీ బండిలో పెట్రోలును తోసే పంపు లేదు. అది తన బరువుతోనే కార్బ్యురేటర్‌లోకి దిగుతుంది. దిగిన మేరకు పైనుంచి గాలి చేరకపోతే ట్యాంకులో పీడనం తగ్గి, కాసేపటికి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. నిండు ట్యాంకులో గాలికున్న చోటు చాలా తక్కువ కనుక కొద్దిపాటి పెట్రోలు దిగేసరికే పీడనం బాగా పడిపోతుంది. సగం ఖాళీగా ఉన్నప్పుడు అదే స్థితి రావడానికి ఎక్కువ దూరం పడుతుంది. మీరు పది నిమిషాలు ఆగినప్పుడు ఏ సందులోనుంచో కొంత గాలి చేరి, కార్బ్యురేటర్ కింది గిన్నె మళ్లీ నిండుతోంది. కార్బ్యురేటర్‌ను ఎన్నిసార్లు కడిగినా ఫలితం లేకపోవడం ఇందుకే కావచ్చు.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండి కుదుపులు మొదలుపెట్టగానే చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగండి. కాస్త తేరుకుంటే పెట్రోలు కొరత ఉన్నట్టే. ఆగిపోయాక మూత తెరిచి చూడండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించి, ఒకటి రెండు నిమిషాల్లోనే బండి స్టార్టయితే దోషి దొరికినట్టే. మూతను విప్పి, ఆ దారిని గాలి కొట్టించి శుభ్రం చేయిస్తే చాలు. పాడైతే కొత్త మూత వేయించండి. కొందరు మూతకు మేకుతో కొత్త రంధ్రం పెడతారు. వానాకాలంలో నీళ్లు నేరుగా ట్యాంకులోకి పోవడానికి అంతకన్నా మంచి మార్గం మరొకటి లేదు.

మూత తెరిచినా మార్పు లేకపోతే అప్పుడు కిందికి రావాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, కార్బ్యురేటర్ గిన్నె అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, పెట్రోలును గాజు సీసాలో పట్టండి. గిన్నెలో ఉన్నది కారిపోయాక కూడా ధార ఆగకుండా వస్తోందా అన్నదే ఇక్కడ ప్రశ్న. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తే నిమిషానికి తాగేది 12.5 మిల్లీలీటర్లే. కాబట్టి ధార సన్నబడి చుక్కలుగా మారితే లోపం పెట్రోలు కాక్ (ట్యాంకు కిందుండే కుళాయి), దాని జల్లెడ, పైపు, లేదా గిన్నెలోకి పెట్రోలును వదిలే ఫ్లోట్ నీడిల్ దగ్గర ఉంది. కాక్‌ను రిజర్వులో పెట్టి మరోసారి పట్టి చూడండి. మామూలు స్థానంలో పెట్రోలు అందుకునే గొట్టం ట్యాంకు అడుగుకన్నా ఎత్తున ఉంటుంది. రిజర్వు దారి అడుగునే ఉంటుంది కనుక తుప్పు, మడ్డి దానినే ముందు మూస్తాయి.

ధార బాగానే ఉంటే లోపం జెట్లలో, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ఇత్తడి ముక్కల్లో వెతకాలి. వాటిని గాలితోనే శుభ్రం చేయించాలి. తీగతో పొడిస్తే మెత్తని ఇత్తడి రంధ్రం పెద్దదై మైలేజీ పడిపోతుంది.

సీసాను కాసేపు కదపకుండా ఉంచండి. పెట్రోలుకన్నా నీరు బరువు కనుక అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. ఇప్పటి పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఆ రెండూ కలిసి కిందికి దిగిపోతాయి. అలాంటి పొర కనిపిస్తే ట్యాంకు దించి కడిగించక తప్పదు.

ప్రశ్న: నాది 2021 నాటి ఇంజెక్షన్ బైకు. ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులు వస్తున్నాయి. ఇవే పరీక్షలు దీనికీ పనికివస్తాయా?
– ఒక పాఠకురాలు, అరకులోయ

జవాబు: మూత పరీక్ష పనికివస్తుంది, మిగిలినవి కావు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన బైకులు దాదాపు అన్నీ కార్బ్యురేటర్ వదిలి, పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో ట్యాంకులోనే విద్యుత్ పంపు ఉంటుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్ల పాటు సన్నని గుయ్యిమనే శబ్దం రావాలి. అది రాకపోతే ముందు ఫ్యూజు, ఆ తర్వాత పంపు చూపించండి. శబ్దం వస్తున్నా ఎత్తులో కుదుపులుంటే ఫిల్టరు మూసుకుపోయి పీడనం చాలకపోవచ్చు, దానిని గేజీతోనే కొలవాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంచుకునే అలవాటుంటే మానండి: వాలులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపుకు అందదు, పైగా ఆ పంపును చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. పైపును మాత్రం ఇంట్లో విప్పవద్దు. అందులో పెట్రోలు ఒత్తిడితో ఉంటుంది, విప్పగానే ముఖం మీదికి చిమ్ముతుంది.