ఫేడర్ నాలుగు మీద ఉంటే

‘ముప్పై ఏళ్లు సినిమా సౌండ్ ఇంజనీరుగా పనిచేసినవారికి చివరికి దక్కేది ఏమిటి?’ అని అడిగారు. మద్రాసులో అటువంటి ఒక పెద్దాయన దగ్గర తొమ్మిదేళ్లు సహాయకుడిగా ఉన్నాను కనుక చెబుతున్నాను: అవార్డు వస్తే గోడకు తగిలించుకోవచ్చు, చేసిన పని మాత్రం ఊరూరా థియేటర్ ఆపరేటర్ చేతిలో ఉంటుంది.

మా గురువుగారు మిక్సింగ్, అంటే మాటలూ పాటలూ చప్పుళ్లూ ఒకటిగా కలిపే పని, శబ్దం రికార్డు చేసే మాగ్నెటిక్ ఫిల్మ్ మీద నేర్చినవారు. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. వెనక్కి తిప్పి తప్పు దొర్లిన ముక్కను మాత్రమే సరిదిద్దే యంత్రాలు రాకముందు, పదో నిమిషంలో వేలు తడబడినా రీలంతా మొదటి నుంచి కలపవలసి వచ్చేదట.

డిజిటల్ సౌండ్ మన ఊళ్లకు వస్తున్న కొత్తలో ఒక సినిమా చేశాము. అందులో మంచం పట్టిన నాయనమ్మ మనవడి చెవిలో ఏదో చెబుతుంది, వెనక గోడ గడియారం కొట్టుకుంటుంది. ఆ గడియారాన్ని వినీ వినపడనట్టు నిలపడానికి ఆయన ఒక రాత్రంతా కూర్చున్నారు. విడుదలయ్యాక కోస్తాలో ఒక థియేటర్‌కు వెళ్లి చూస్తే గడియారమూ లేదు, నాయనమ్మ మాటా లేదు, ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే వినిపించింది. ప్రొజెక్షన్ గదిలోకి వెళ్లాము. హాల్లో శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్ నాలుగు మీద ఉంది. అది ఏడు మీద ఉన్నప్పుడు తెర వెనక ఒక్కొక్క స్పీకర్ 85 డెసిబెల్స్ పలికేట్టు కొలత పెట్టుకొని, మేము అదే లెక్కకు మిక్సింగ్ చేస్తాము.

“ఫైట్లకు చెవులు పగిలిపోతున్నాయని జనం గొడవ చేస్తున్నారండీ, ఓనరుగారు నాలుగు దాటొద్దన్నారు” అన్నాడు ఆపరేటర్.

“ఆ ఫైట్లు కలిపింది కూడా నేనే బాబూ” అన్నారు గురువుగారు.

ఆపరేటర్‌ను తప్పుపట్టలేము. మోత పెంచమని నిర్మాత అంటాడు, పెంచితే థియేటర్‌లో తగ్గిస్తారు, తగ్గించారని తర్వాతి సినిమాకు ఇంకా పెంచుతారు. ‘దిల్ సే’, ‘లగాన్’ సహా నాలుగు సినిమాలకు సౌండ్‌లో జాతీయ అవార్డు అందుకొని 2008లో కన్నుమూసిన సౌండ్ ఇంజనీరు హెచ్. శ్రీధర్ గారి మిక్సింగ్ అయినా సరే, నాలుగు మీద నడిపితే ఫ్యాను గాలికి పోవలసిందే. 2009 సినిమాల నుంచి ఆ అవార్డును లొకేషన్ సౌండ్, సౌండ్ డిజైన్, ఫైనల్ మిక్సింగ్ అని మూడుగా విడగొట్టారు. నన్నడిగితే నాలుగోది ఆపరేటర్‌కు ఇచ్చి ఉండవలసింది.

మర్నాడు మార్నింగ్ షోకు అతను మా మాట మన్నించి ఆ రీలుకు ఫేడర్‌ను ఆరు దాకా జరిపాడు. గడియారం వినిపించింది. వెంటనే వచ్చిన ఫైటుకు మా ముందు వరుసలో ఒక ముసలాయన రెండు చెవులూ మూసుకున్నాడు. గురువుగారు ఏమీ అనలేదు. అదే నిర్మాత తర్వాతి సినిమాకు ఫైట్లన్నీ మూడు డెసిబెల్స్ తగ్గించి కలిపారు. ఆ పై సినిమాకు నిర్మాత ఆయనను పిలవలేదు.