ఫ్లూ సూది వేయించుకుంటే కరోనా రాదా?

గాజువాక నుంచి చికాగోకి చదువుకోవడానికి వచ్చిన చెల్లీ, ఒక సూదితో రెండూ ఆగిపోతాయని అనుకోకు. రెండు వైరస్‌లూ వేరు, దేని టీకా దానిదే. ఫ్లూ సూది వల్ల కరోనా వస్తుందని 2020లో వాట్సాప్‌లో తిరిగిన మాట కూడా నిజం కాదు. రెండు టీకాలూ ఒకే రోజు వేయించుకోవచ్చు.

నేనూ విశాఖ పిల్లనే. 2014లో ఎంవీపీ కాలనీ నుంచి వచ్చాను. మీకైతే అడిగితే చెప్పేవాళ్లున్నారు, మాకు ఎవరూ లేరు. ఆఫీసులో ఉచితంగా సూది వేస్తామంటే వెళ్లలేదు. ఫ్లూ అంటే వానాకాలం జలుబే కదా, పసుపు వేసి ఆవిరి పడితే పోతుందనుకున్నాను. జనవరిలో పట్టుకుంది. సాయంత్రం దాకా బాగానే ఉన్నాను, రాత్రికి 103 జ్వరం, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు. రూమ్మేట్ ఊరెళ్లింది. రాత్రి రెండింటికి అమ్మకు ఫోన్ చేస్తే విశాఖలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, వెనకాల కుక్కర్ కూత. ‘ఏం తిన్నావే?’ అంది. ‘పప్పుచారు’ అన్నాను. గంజి కాచుకునే ఓపిక కూడా లేదు. నాలుగో రోజు డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుందన్నారు.

ఆ తర్వాత ఏటా వేయించుకున్నాను. 2020 డిసెంబరులో దగ్గు వస్తే, ఫ్లూ టీకా ఉంది కదా, ఏం కాదులే అని సరుకులకు కూడా వెళ్లొచ్చాను. తీరా అది కరోనా. పది రోజులు గదిలో ఒక్కదాన్నే. పక్క ఫ్లాట్‌లోని ఒంగోలు ఆవిడ చారన్నం డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్లేది. తలుపు అవతల ఆవిడ గాజుల చప్పుడుకే ఏడుపొచ్చేది. అయినా నెట్టుకొచ్చాను, ఇవాళ సొంత ఇల్లుంది.

అక్టోబరు దాటకుండా ఫ్లూ సూది వేయించుకో, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. చెయ్యి నొప్పి, ఒకరోజు నలత ఉంటే అది ఫ్లూ కాదు. టీకా తర్వాత కూడా ఫ్లూ రావచ్చు, కానీ ఆసుపత్రి దాకా వెళ్లే ప్రమాదం తగ్గుతుంది. జ్వరమొస్తే లక్షణాలు చూసి ఏదో తేల్చుకోలేం, రెండింటినీ పరీక్షించే కిట్ మందుల షాపులో దొరుకుతుంది. ఇన్సూరెన్స్ సంగతి యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో అడుగు.

నా బెంగ వేరే. గాజువాకలో నువ్వు రెండు రోజులు కనిపించకపోతే పాలవాడైనా అడుగుతాడు. ఇక్కడ ఎవరూ తలుపు తట్టరు. సూదికి ఒక్కదానివే వెళ్లకు, నీలా కొత్తగా వచ్చిన అమ్మాయిని తోడు తీసుకెళ్లు. ఒకరి గది తాళం ఇంకొకరి దగ్గర ఉంచుకోండి. ఇంట్లో బియ్యపు నూక, జ్వరం మాత్రలు ఈ వారమే తెచ్చిపెట్టుకో.