గాబ్లిన్‌గా ఆడుతూ టేబుల్ దగ్గర అందరికీ చిరాకు తెప్పించకుండా ఉండటం ఎలా?

డి అండ్ డిలో (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో కథ నడిపే ఆట) మొదటిసారి గాబ్లిన్ రోగ్ (పొట్టి అల్లరి జీవి, దొంగ తరహా పాత్ర) తీసుకుంటున్నాను, అల్లరిగా ఆడాలని ఉంది కానీ గ్రూపులో ఎవరికీ చిరాకు రాకూడదు అని ఒకరు అడిగారు. ఆ చిరాకు తెప్పించిన ఘనత నాదే కాబట్టి చెబుతున్నా.

నా మొదటి గాబ్లిన్ పేరు బుడంకాయ. మొదటి సెషన్‌లోనే మా క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) సంచిలోంచి హీలింగ్ పోషన్ (గాయాలు మాన్పే మందు) కొట్టేసి తాగేశాను, ఎందుకురా అంటే "గాబ్లిన్ కదా, దొంగతనం చేయకపోతే ఎలా" అన్నాను. అందరూ నవ్వారు. మూడో సెషన్‌లో మా ఫైటర్ ప్రాణబలం సున్నాకి పడిపోయింది, క్లెరిక్ దగ్గర స్పెల్స్ అయిపోయాయి, సంచి తెరిస్తే పోషన్ లేదు. మూడు డెత్ సేవ్‌లూ (చావు తప్పించుకోవడానికి వేసే పాచికలు) పోయాయి, ఫైటర్ చచ్చిపోయాడు. ఆ క్యారెక్టర్‌కి దాన్ని ఆడేవాడు పూర్వకథ ఆరు పేజీలు రాసుకున్నాడు. నన్నేమీ అనలేదు, క్యారెక్టర్ షీట్ మడిచి జేబులో పెట్టుకుని బిర్యానీ కూడా తినకుండా వెళ్ళిపోయాడు. "గాబ్లిన్ అంటే అంతే కదా" అనే మాట మీ నోటికొచ్చిందంటే ఆగండి. చేస్తున్నది గాబ్లిన్ కాదు, మీరు. కొట్టేయాలనిపిస్తే శత్రువుల జేబులు బోలెడున్నాయి.

రెండో తప్పు చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుగా ఉంది. బుడంకాయకి కామెడీగా ఉంటుందని శ్రీకాకుళం యాస పెట్టాను, సినిమాల్లో పనివాడికీ అమాయకుడికీ పెట్టే రకం. మా క్లెరిక్‌ది టెక్కలి. రెండు సెషన్లు ఊరుకుని మూడోసారి, "మా ఊరోళ్ళు నీకు గాబ్లిన్లలా కనబడతన్నారా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. యాస వద్దు, కీచుగొంతు కూడా వద్దు (నాలుగు గంటల సెషన్‌లో మీ గొంతూ పోతుంది, వాళ్ళ చెవులూ పోతాయి). మామూలు గొంతుతోనే ఆలోచన వేరేగా ఉంటే చాలు.

ఆ ఆలోచన ఎక్కడ దొరుకుతుందంటే, 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో (డి అండ్ డి రాక్షసుల పుస్తకం) మామూలు గాబ్లిన్‌కి ఉండేది 7 హెచ్‌పి (ప్రాణబలం). అంటే మీవాడు పెరిగిన చోట ఒక్క కత్తిదెబ్బకి మనిషి పోతాడు, అన్నదమ్ములు అలాగే పోయుంటారు. అలాంటిచోట పిరికితనం అనేది ఉండదు, బతకడం తెలియడమే ఉంటుంది. ఏ గదిలోకి వెళ్ళినా ముందు బయటపడే దారి చూస్తాడు, అన్నం గబగబా తింటాడు, ఎవరైనా ఊరికే మంచిగా మాట్లాడితే అనుమానిస్తాడు. నా రెండో గాబ్లిన్‌ని ఇలాగే కట్టాను. దానికి పాత్‌ఫైండర్ (డి అండ్ డి లాంటిదే ఇంకో ఆట) గాబ్లిన్ల నుంచి ఒక భయం అరువు తెచ్చుకున్నాను: రాస్తే తలలో ఉన్న మాటల్ని కాగితం లాగేసుకుంటుందని వాళ్ళ నమ్మకం. (వాళ్ళకి గుర్రాలన్నా, కుక్కలన్నా కూడా పడదు.)

ఒకసారి ఒక వర్తకుడి దగ్గర పనికి ఒప్పందం మీద సంతకం పెట్టాలి. మావాడు బల్ల కిందకి దూరిపోయాడు. సంతకం లేకపోతే అడ్వాన్స్ ఇవ్వనంటాడు వర్తకుడు. పావుగంట బతిమాలినా లాభం లేకపోయింది, చివరికి మా పాత క్లెరిక్ వాడి బొటనవేలు సిరాలో ముంచి, "ఇది రాత కాదురా, నీ వేలి బొమ్మ" అంది. వేలిముద్ర వేశాడు. తన వేలి బొమ్మ తెగ నచ్చేసి బల్ల మీద, గోడ మీద, ఆఖరికి వర్తకుడి తెల్లచొక్కా మీద కూడా వేశాడు. అల్లరి అంటే ఇలా ఉండాలి, ఎవరి పోషనూ పోలేదు.

ఇక రోగ్ సంగతి. గాబ్లిన్‌కి నింబుల్ ఎస్కేప్ అనే సామర్థ్యం ఉంటుంది, బోనస్ యాక్షన్‌తో (తన వంతులో అసలు పనితో పాటు చేసే చిన్న పని) డిసెంగేజ్ (దెబ్బ తగలకుండా తప్పుకోవడం) కానీ హైడ్ (దాక్కోవడం) కానీ చేయొచ్చు. రోగ్‌కి రెండో లెవెల్‌లో వచ్చే కన్నింగ్ యాక్షన్‌లో ఆ రెండూ ఎలాగూ ఉన్నాయి, కొత్తగా కలిసేది డాష్ (ఇంకా దూరం పరిగెత్తడం) ఒక్కటే. అందుకే నేను రెండోసారి క్లెరిక్ తీసుకున్నాను (పాత క్లెరిక్ వార్‌లాక్ అనే మాంత్రికుడి పాత్రకి మారింది). పదిహేను అడుగులు పరిగెత్తి పడిపోయినవాడి మీద క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే మంత్రం) వేసి, డిసెంగేజ్ చేసి, మిగతా పదిహేను అడుగుల్లో వెనక్కి వచ్చేయొచ్చు. రోగే కావాలంటే తీసుకోండి, తప్పేం లేదు, మొదటి లెవెల్ నుంచే తప్పించుకోవడం వస్తుంది. 2014 రూల్స్‌తో ఆడుతుంటే లాంగ్‌బో (పెద్ద విల్లు) మాత్రం వద్దు, అది హెవీ, చిన్న సైజు వాళ్ళకి డిసడ్వాంటేజ్ (గురి తప్పే అవకాశం ఎక్కువ). షార్ట్‌బో చాలు.

అలా కాదు, ఇళ్ళు తగలబెట్టేంత అల్లరే కావాలంటే, పాత్‌ఫైండర్ కంపెనీ పైజో 2011లో ఉచితంగా ఇచ్చిన వీ బీ గాబ్లిన్స్ అని చిన్న అడ్వెంచర్ ఉంది, అందులో అందరూ గాబ్లిన్లే. ఒక ఆదివారం అది ఆడేయండి. క్యాంపెయిన్‌కి (చాలా సెషన్లు సాగే కథ) తెచ్చే గాబ్లిన్ గురించి మాత్రం ముందే మీ డీఎంతో (ఆట నడిపే మనిషి) మాట్లాడండి, ఎందుకంటే చాలా కథల్లో మొదటి ఫైట్ గాబ్లిన్లతోనే పెడతారు, ఆ చచ్చేవాళ్ళు మీవాడికి ఏమవుతారో ఇద్దరూ తేల్చుకోవాలి.