ఉద్యోగం మారాలా వద్దా: దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి?

వేరే ఊళ్లో ఎక్కువ జీతానికి ఉద్యోగం వచ్చింది, వెళ్లడం దేవుని చిత్తమేనా అని అడిగారు.

ముందుగా బైబిలు సూటిగా చెప్పినవి చూడండి. పరిశుద్ధంగా బతకడం దేవుని చిత్తమని 1 థెస్సలొనీకయులకు 4:3లో ఉంది. కొత్త పనిలో లంచాలు, దొంగ బిల్లులు తప్పవంటే ఇక ప్రార్థించి తేల్చుకునేదేమీ లేదు, వద్దనేయండి.

అలాంటివి లేకపోతే యాకోబు 1:5 చెప్పినట్టు జ్ఞానం అడగండి. కాగితం మీద రాసుకోండి: ఆదివారం సెలవుందా, దగ్గర్లో సంఘం ఉందా, అమ్మానాన్నలను ఎవరు చూస్తారు, అద్దె, అప్పుల వాయిదాలు పోగా ఎంత మిగులుతుంది. ముందు ఇంట్లోవాళ్లతో, తర్వాత పాస్టరుగారితో, మీకు నచ్చని మాటైనా చెప్పగల ఒకరిద్దరు పెద్దలతో మాట్లాడండి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, కళ్లు మూసుకుని తెరిచిన బైబిలు పేజీనో, కొత్త సంవత్సరం ఆరాధనలో తీసిన వాగ్దానం కార్డునో (బైబిలు వచనం రాసిన చీటీ) జవాబనుకుంటారు. కార్డుల్లో తరచూ కనిపించే యిర్మీయా 29:11 (మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయన్న దేవుని మాట) బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే, 70 ఏళ్లు గడిచాకే వాళ్లను తిరిగి తెస్తానన్న మాట ఉంది. న్యాయాధిపతి గిద్యోను నేల మీద ఉన్ని పరిచి, మంచు దాని మీదే పడాలని దేవుణ్ణి గుర్తు అడిగిన పరీక్షా అంతే. దేవుడు చెప్పింది అతనికి అప్పటికే తెలుసు, నమ్మలేక గుర్తు అడిగాడు.

మనశ్శాంతి ఒక్కటే గుర్తని కూడా అనుకోకండి. దేవుని నుంచి పారిపోతూ యోనా ప్రవక్త ఓడలో గాఢంగా నిద్రపోయాడు. తండ్రి చిత్తానికి లోబడిన యేసు సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో వేదనపడ్డాడు.

గడువు నాటికి రెండూ సమానంగానే తోస్తే, ఏదో ఒకటి ఎంచుకోండి. రెండిట్లోనూ పాపం లేనప్పుడు ఆ స్వేచ్ఛ మీకుంది.